దుప్పట్లో డచ్చి ఆకాశం

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. కావలిలో మా నాయన ఫోటో ఫ్రేముల షాపులో ఒక పటం ఉండేది. అందులో వేలి గోరంత మనుషులు కొందరు పడవలో నది దాటుతుంటారు. వాళ్ళందరికీ నేను పేర్లు పెట్టుకున్నాను. పడవ అంచుకు ఆనుకుని పొట్ట బయటపెట్టినవాడు మా వీధి చివరి టైలరు. టోపీ ఎగిరిపోకుండా పట్టుకున్నవాడు నాకు ఇంటర్లో లెక్కలు చెప్పిన మాస్టారు. అందరికీ వీపు పెట్టి ఒక మూల కూర్చున్న ఎర్ర బట్టల ఆమెకు పేరు పెట్టలేదు. అది నేనే.

అది డచ్చి దేశపు చిత్రానికి నకలు. ఎవరో ఫ్రేము కట్టమని ఇచ్చి మళ్ళీ రాలేదు. కింద సన్న అక్షరాల్లో నది ఒడ్డున పట్నం అని మాత్రం ఉంది. గీసినవాడి పేరున్న చోటు చెదలు తినేశాయి. పటంలో ముప్పాతిక ఆకాశమే. బూడిద రంగు మబ్బులు, వాటి అంచులకు వెన్న పూసినట్టు వెలుగు. ఆకాశం కింద, రొట్టె అంచు మాడినంత సన్నగా పట్నం. ఎర్ర కప్పుల ఇళ్ళు, ఒక చర్చి గోపురం, ఒక గాలిమర. దాని ముందు వెడల్పాటి నది, నదిలో ఆ పడవ. పడవలో మనుషులతో పాటు రెండు ఆవులు.

మా షాపుకు వచ్చేవాళ్ళు జలపాతం అడుగుతారు, పరుగెత్తే ఏడు గుర్రాలు అడుగుతారు. ఈ పటం ముందు నిలబడి, "ఇంత ఆకాశం ఎందుకమ్మా, దండగ" అని పోతారు. ఎప్పుడైనా ఒకరు ఆశగా చూస్తే నేను మెల్లగా వెళ్ళి, "ఆవులు ఊరు వదిలి పోతున్నాయి సార్, చూశారా" అనేదాన్ని. అంతే, అపశకునమనుకుని గుర్రాలు కొనుక్కుని వెళ్ళిపోయేవారు. నేను మాట్లాడేదే తక్కువ కాబట్టి, మాట్లాడినప్పుడు జనం నమ్ముతారు.

ఇలా నాలుగేళ్ళు కాపాడుకున్న పటాన్ని, నేను స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళిన రోజు నాయన అమ్మేశాడు. కొన్నది కాటమ్మ అనే ఆమె. తడ దాటాక పులికాట్ సరస్సులో ఒక దీవి మీద ఆమె ఊరు. కావలి సంతకు ఎండురొయ్యలు తెచ్చి, చనిపోయిన భర్త ఫోటోకు ఫ్రేము కట్టించుకోవడానికి మా షాపుకు వచ్చిందట. "గంప మీద ఇంత అద్దం మోసుకుపోలేను, నిదానంగా పంపించన్నా" అని డబ్బిచ్చి వెళ్ళిందట.

"నేను తీసుకెళ్తాను" అన్నాను.

సందు చివరి కొట్టుకు వెళ్ళడానికి కూడా తోడు అడిగే పిల్లను. అమ్మ వచ్చి నా నుదురు ముట్టుకుని జ్వరమేమో చూసింది. నా మనసులో ఉన్నది ఒకటే. ఆ పటాన్ని దీవిదాకా తీసుకెళ్ళాలి, కాటమ్మ మనసు మార్చాలి, తిరిగి మా గోడకే తెచ్చుకోవాలి. బదులుగా ఇవ్వడానికి మంచి జలపాతం ఒకటి కూడా పటాన్ని చుట్టిన పాత దుప్పట్లోనే పెట్టుకున్నాను. తోడుగా మా మేనత్త మస్తానమ్మ బయలుదేరింది. నేను మాట్లాడని మాటలన్నీ కూడా కలిపి ఆమే మాట్లాడుతుంది.

బస్సులో

కావలిలో బస్సెక్కగానే కండక్టరు దుప్పటి మూట చూశాడు.

"ఆడోళ్ళకు టిక్కెట్టు డబ్బుల్లేవమ్మా. దీనికి మాత్రం లగేజి కొట్టాల్సిందే."

"లోపల ఉండేది కూడా ఆడోళ్ళే నాయనా" అంది అత్త. "రెండు ఆవులు కూడా ఉండాయి. అవి కూడా ఆడవే."

ఆయన ఒకసారి అత్తను, ఒకసారి మూటను చూసి ముందుకెళ్ళిపోయాడు. మళ్ళీ మా వైపు రాలేదు.

నెల్లూరు దాటాక పక్క సీట్లోకి ఒక అవ్వ వచ్చింది. చేతిలో కనకాంబరాల పొట్లం. మూటను చాలాసేపు చూసి నన్నడిగింది.

"ఏ సామి పటం పాపా?"

సామి కాదని చెప్పాలి. చెప్తే ఏమిటని అడుగుతుంది. ఏమిటో చెప్తే ఎందుకని అడుగుతుంది. ఇంత ఆలోచించేలోపు ఆమె దుప్పటిని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆమెను చూసి వెనక సీటు ఆమె, ఆమెను చూసి కిటికీ దగ్గరాయన. గూడూరు వచ్చేసరికి మూట మీద రెండు కనకాంబరాలు, ఒక చిటికెడు కుంకుమ ఉన్నాయి. ఎక్కడో చలి దేశంలో పడవెక్కిన రెండు ఆవులకు మా జిల్లాలో ఇంత మర్యాద జరుగుతోందని గీసినవాడికి తెలిస్తే ఏమనుకునేవాడో. అత్త కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నాయుడుపేట

ఆ రాత్రికి అత్త కూతురింట్లో మకాం. అంతకుముందు బస్టాండు ఎదురు హోటల్లో భోజనం చేశాం. మా కావలి హోటళ్ళలో చేపల పులుసు రెండోసారి కావాలంటే కండక్టరును పిలిచినట్టు పిలవాలి. ఇక్కడ వద్దన్నా పోస్తారు. మామిడికాయ ముక్క మెత్తగా ఉడికి, పులుసు అన్నంలోకి నెమ్మదిగా దిగింది. చేప ముక్కతో కలిపి నూట ఇరవై. ఆ ముక్కకు నేను రెండు వందలైనా ఇద్దును.

పోస్తున్న ఉత్సాహంలో ఒక చుక్క దుప్పటి మీద పడింది. భయపడి విప్పి చూశాను. పటానికేమీ కాలేదు. హోటలాయన గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పట్నాన్ని చూడలేదు, పడవను చూడలేదు. పై నుంచి కిందికి ఆకాశాన్నే చూశాడు.

"మబ్బు బాగా పట్టింది. యాడికి పోతుండారు?"

"సరస్సు మీదికి, రేపు" అంది అత్త.

"తొందరగా పోయి తొందరగా వచ్చేయండి. ఈ మబ్బు కురవకుండా పోదు."

పటం చూసి వాతావరణం చెప్పిన మనిషిని నేను మొదటిసారి చూశాను. నవ్వొచ్చింది గానీ, చేయి కడుక్కుంటూ నాకొక అనుమానం కూడా వచ్చింది. నాలుగేళ్ళుగా నేను పడవలో మనుషులకు పేర్లు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ మబ్బు కురుస్తుందా లేదా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. పటంలో ముప్పాతిక భాగాన్ని నేను కూడా దండగ కిందే లెక్కేశానేమో.

తడ

తడలో భాష మెల్లగా రంగు మారుతుంది. టీ కొట్టామె మాతో తెలుగులో, పొయ్యితో అరవంలో మాట్లాడింది. మా వైపు టీ అడిగితే గ్లాసులో పోసి ఇచ్చేస్తారు. ఇక్కడ రెండు గ్లాసుల మధ్య అంత ఎత్తు నుంచి తిరగబోసి, నురగ పైకి తేలాకే చేతికిస్తారు. ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్ళే అమ్మాయిలు తల నిండా పూలతో, మెడలో గుర్తింపు కార్డులతో బస్సు కోసం నిలబడి ఉన్నారు. నా వయసు వాళ్ళే. ఒక్కరూ తోడు కోసం వెతుక్కుంటున్నట్టు లేరు.

అక్కణ్ణించి సరస్సు ఒడ్డుకు ఆటో. దారిలో మనసులో వాదనలు వరస పెట్టుకున్నాను. ఉప్పుగాలికి కాగితం పాడైపోతుంది. ఆవులు ఊరు వదిలి పోతున్నాయి. జలపాతం ఇంటికి మంచిది. పెదవులు కదిలాయేమో, "దువా చదువుతుండావా?" అని అడిగింది అత్త.

ఆటో దిగగానే వాదనలన్నీ మర్చిపోయాను.

కొండ లేదు, చెట్టు లేదు, మేడ లేదు. నేల పలచబడి పలచబడి నీళ్ళయింది. నీళ్ళు దూరం పోయి పోయి ఆకాశమయ్యాయి. దూరాన కొంగల్లాంటి గులాబి రంగు పక్షులు, ఎవరో ముగ్గు వేస్తూ మధ్యలో లేచిపోయినట్టు. ఇక్కడ తల పైకెత్తి ఆకాశం చూడక్కర్లేదు. ఎదురుగా చూస్తే చాలు, కంటి ముందుకే వచ్చేస్తుంది. డచ్చి చిత్రకారుడు ఆకాశాన్ని ఎక్కువ చేసి వేశాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎక్కువేమీ చేయలేదు. ఉన్నదే వేశాడు.

ఇదే సరస్సుకు దక్షిణపు ఒడ్డున ఒకప్పుడు డచ్చివాళ్ళు కోట కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. ఓడ దిగిన కొత్త గుమాస్తా ఎవడో ఈ నీళ్ళను చూసి, "ఇంత దూరం వచ్చింది మా ఊరికేనా" అని ఉసూరుమని ఉంటాడు. ఆవులు కూడా ఉన్నాయి కదా అని ఎవరైనా ఓదార్చి ఉంటారు.

పడవ మీద

పడవలో మాతో పాటు రెండు మోటారుసైకిళ్ళు, గ్యాస్ సిలిండర్లు, ఒక మేక. ఆవుల కొరత మేక తీర్చింది. నాకు తెలియకుండానే అందరికీ వీపు పెట్టి మూల కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసి నాలో నేనే నవ్వుకున్నాను.

నడి సరస్సులో గాలి లేచింది. దుప్పటి ముడి ఊడింది. నేను పటాన్ని నిలబెట్టి పట్టుకునేసరికి గాలి దాని వీపున తన్నింది. పడవ ముక్కు పక్కకు తిరిగింది.

"అమ్మణ్ణీ, మనకు ఇంజను ఉండాది. తెరచాప ఎత్తబాక" అన్నాడు పడవ నడిపే అన్న.

అందరూ నవ్వారు. మేక కూడా ఏదో అంది. నేను పటాన్ని ఒళ్ళో పడుకోబెట్టి తల వంచుకున్నాను. అలా వంచుకున్నప్పుడే ఒక మబ్బు మా మీదికి వచ్చింది. నా చేతులు, పటం, పడవ అన్నీ నీడలో పడ్డాయి. తలెత్తితే, ఎదురుగా దీవి మాత్రం ఎండలో ఉంది. గీత గీసినట్టు సన్నటి ఒడ్డు, నాలుగు డాబాలు, ఒక సెల్ టవరు, మధ్యలో ఒక్క పసుప్పచ్చ గోడ వెన్నలా వెలుగుతోంది.

ఒళ్ళోని పటాన్ని చూశాను. అందులోనూ అంతే. ఎండ అవతలి పట్నం మీదే పడుతోంది. ఇవతలి ఒడ్డు, నది సగం, పడవ నీడలో ఉన్నాయి. చూసేవాళ్ళను నీడలో నిలబెట్టి, వెలుగును నది అవతల పెట్టాడు ఆ మనిషి. అందుకే ఆ పట్నం ఎప్పుడు చూసినా వెళ్ళాలనిపిస్తుంది. నేను నాలుగేళ్ళు షాపులో గల్లా వెనక కూర్చుని వెళ్ళాలనుకున్నది అక్కడికే.

ఇంత కనిపెట్టాక ఆ పటాన్ని ఇచ్చి రావడమా? కుదరదు. దుప్పటి గట్టిగా ముడి వేశాను.

కాటమ్మ ఇల్లు

పసుప్పచ్చ గోడ కాటమ్మదే. యాభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంది. కొంగు నడుముకు చుట్టి రొయ్యలు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి చేతులు దులుపుకుని లోపలికి తీసుకెళ్ళింది. చెంబుతో నీళ్ళిచ్చి, "ముందు తినండి, పటం యాడికీ పోదు" అంది. అత్త నన్ను చూసింది. నేను నేలను చూశాను.

బొమ్మిడాయిల పులుసు, ఎండురొయ్యల పొడి. మా ఇంట్లో పొడిని అన్నం మొదట్లో కలుపుకుంటాం. ఇక్కడ ముద్ద ముద్దకూ అంచుకు పెట్టుకుంటారు. తిని, ధైర్యం తెచ్చుకుని, వాదన మొదలుపెట్టాను.

"పిన్నీ, ఉప్పుగాలికి ఈ కాగితం ఏడాదిలో పాడైపోతుంది."

"పుట్టినకాణ్ణించీ ఈ గాలిలోనే ఉండా. నేనేమన్నా పాడైపోయినానా?"

"ఆవులు ఊరు వదిలి పోతున్నాయి, చూడండి."

"పోతా ఉండాయో వస్తా ఉండాయో నీకెట్టా తెలుసు? నువ్వు దించినావా ఎక్కించినావా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను జలపాతం తీశాను. కాటమ్మ దాన్ని మర్యాదగానే చూసింది.

"ఇన్ని నీళ్ళు పొద్దస్తమానం పైనించి పడతా ఉంటే ఇంట్లో మనిషికి నిద్ర పడతదా? తీసి పెట్టు."

తర్వాత డచ్చి పటాన్ని ఒళ్ళో పెట్టుకుంది. గాలిమరను చూపించి, "ఇంత పెద్ద ఫ్యానా? అంత ఉక్కపోతా ఆ ఊళ్ళో?" అని అడిగింది. చర్చి గోపురాన్ని సెల్ టవరే అంది. నేను దిద్దబోయాను. అత్త నా తొడ గిల్లింది.

"పిన్నీ, బయటికి వస్తే నిజం సరస్సే ఉంది కదా" అన్నాను చివరికి. "పటం ఎందుకు మీకు?"

కాటమ్మ లేచి వెనక గోడ దగ్గరికి వెళ్ళి అరచేత్తో తట్టింది. కిటికీ లేదు, తలుపు లేదు. నున్నటి సిమెంటు గోడ.

"దీని ఎనకే ఉండేది సరస్సు. ముందు మాది పాక. ఈ పక్క తలుపు ఉండేది. అన్నం తింటా చూసేదాన్ని. నా కొడుకు ఫ్యాక్టరీలో పనికి పోయి, ఇల్లు కట్టినాడు. గాలివాన ఈ పక్కనించే వస్తదని మూసేసినాడు. వాడిది తప్పు కాదులే."

"బయట కూర్చుని చూడొచ్చుగా?"

"ఊరికే కూర్చుని సరస్సు చూస్తే, కాటమ్మకేమైందని ఊరంతా వచ్చి అడగతారు. బయటికి పోతే వల ఉంటది, రొయ్యలుంటాయి, పని ఉంటది. మీ షాపులో కూర్చున్నప్పుడు మీ నాయన ఫ్రేము కోస్తా ఉన్నాడు. నేను ఈ పటం చూస్తా కూర్చున్నా. ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలవదు. ఎవురూ ఏమీ అడగలా."

జలపాతాన్ని మళ్ళీ దుప్పట్లో చుట్టేశాను. నా దగ్గర వాదనలు అయిపోయినందుకు కాదు. గల్లా వెనక కూర్చుని ఎవరూ ఏమీ అడక్కుండా పటం చూస్తూ ఉండటం నాకు తెలిసిన సుఖం. నాది అనుకున్న చోట ఇంకొకరు కూర్చుని ఉన్నారు.

"ఇది నీకు ఇష్టం గదా" అంది కాటమ్మ. "తలుపు కాడే తెలిసింది. బిడ్డను ఇచ్చేదానిలాగా పట్టుకున్నావు."

అవునని తలూపాను. గట్టిగా ఏడ్చేస్తానేమోనని భయం వేసింది.

కాటమ్మ చిన్నపిల్లలా నవ్వింది. "అయితే పాడు వేసుకుందాం."

ఆ దీవుల్లో అదొక కట్టుబాటు. సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు ఏ ఒక్కరివీ కావు. ఏ చోటు ఎప్పుడు ఎవరిదో చీట్లు తీసి వంతులు పెట్టుకుంటారు. ఆ వంతుకే పాడు అని పేరు. వంతు కానివాడు వల వేస్తే ఊరు ఒప్పుకోదు.

"మగోళ్ళే తీస్తారు చీట్లు" అంది కాటమ్మ. "మా నాయన తీసినాడు, మొగుడు తీసినాడు, ఇప్పుడు కొడుకు తీస్తాడు. రొయ్యలు ఎండబెట్టేది నేను. చీటీ మాత్రం నా చేతికి ఎప్పుడూ ఇయ్యలా. ఈ పటం మన ఇద్దరిదీ. వంతు ఆరు నెలలు, ఆరు నెలలకొకసారి పాడు తీద్దాం. మొదటి వంతు ఎవురిదో తీద్దాం."

చీట్లు రాయడానికి ఇంట్లో కాగితం కనబడలేదు. ఆమె ఒక కుండలో ఒక ఎండురొయ్య, ఒక ఎండుచేప వేసి, పైన గుడ్డ కప్పింది. "నువ్వు అతిథివి, నువ్వు తియ్. రొయ్య వస్తే మొదటి వంతు నీది. చేప వస్తే నాది."

"చెయ్యి పెడితే తెలిసిపోదా ఏంది, ఏది రొయ్యో ఏది చేపో?" అంది అత్త.

"నువ్వు ఊరుకో ఒదినా. పాడు తీసేకాడ మాట్లాడకూడదు" అంది కాటమ్మ పెద్దమనిషి గొంతుతో.

గుడ్డ కింద చెయ్యి పెట్టాను. అత్త చెప్పింది నిజం. ఒకటి వంకరగా, మీసాలతో గుచ్చుకుంది. ఇంకొకటి చదునుగా, గరుగ్గా తగిలింది. మూడేళ్ళ పిల్లకైనా తెలిసిపోతుంది. రొయ్యను పట్టుకున్నాను. నా వేళ్ళలో అది చక్కగా ఇమిడింది. మా షాపు గోడ, నా కుర్చీ, సాయంత్రపు వెలుగు అన్నీ దానితో పాటే చేతిలోకి వచ్చాయి. ఎదురుగా ఆ సిమెంటు గోడ ఉంది. కాటమ్మ నా చేతిని చూడటం లేదు. గోడనే చూస్తోంది.

రొయ్యను వదిలేసి చేపను తీశాను.

కాటమ్మ చేపను అందుకుని, అటూ ఇటూ తిప్పి, కొంగుకు ముడి వేసుకుంది. సుత్తి తెచ్చింది. మేకు నేనే కొట్టాను. ఆ ఒక్క పనిలో నాకు సిగ్గు లేదు. పటం తగిలించాక ఆమె కింద కూర్చుని చూసింది. నేనూ పక్కన కూర్చున్నాను. అత్త కూడా వచ్చి కూర్చుంది. ముగ్గురం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా అత్త విషయంలో ఇది మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

తిరుగు పడవ

మబ్బు కురవలేదు. హోటలాయన జోస్యం తప్పింది. కాటమ్మ రేవుదాకా వచ్చింది. ఎండురొయ్యల పొట్లం అత్త చేతికిచ్చింది. పడవ ఎక్కబోతుంటే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఎండకు కళ్ళు చిట్లించి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

"ఆరు నెల్లకు మళ్ళీ తీద్దాం పాడు. ఈసారి కుండలో చెయ్యి పెట్టేది నేను, రొయ్య వస్తే వంతు నాది. నీ మాదిరిగా తెలిసి తెలిసి చేపను తీస్తానని మాత్రం అనుకోబాక, రొయ్యే తీస్తా. ముందే చెప్తుండా."